పెద్దదాని వైపు తెరిచిన నోరు

రిత్సుకో పిరికిది. ఆ మాట ఆవిడే ఒప్పుకుంటుంది కాబట్టి మనం అనడంలో తప్పేం లేదు. ఉరుముకి భయం, సూదికి భయం, పక్కింటి పిల్లి రెప్ప వేయకుండా చూస్తే దానికీ భయం. సముద్రం మొహం ఎరగని ఊరు వాళ్ళది, చుట్టూ నారింజ రంగు పెర్సిమన్ పండ్ల తోటలు. అక్కణ్ణుంచి ఒసావా రేవుకి కోడలిగా వచ్చి ఏళ్ళు గడిచినా ఆమె భయపడటం మానలేదు, రేవులో వాళ్ళు ఆమెని చూసి నవ్వడమూ మానలేదు. ఆ రోజు పొద్దున భూమి ఊగినప్పుడు మాత్రం నవ్వేవాళ్ళంతా ఆమె కన్నా ముందే కొండెక్కి కూచున్నారు.

ఒసావాలో దీనికొక కట్టుబాటు ఉంది. భూమి గట్టిగా ఊగిందా, ఎవరి దారిన వాళ్ళు ఎత్తుకి పరిగెత్తాలి. తల్లి పిల్లాడి కోసం ఆగకూడదు. మొగుడు పెళ్ళాం కోసం వెనక్కి రాకూడదు. వినడానికి రాక్షసంగానే ఉంటుంది. కానీ ఒకరికోసం ఒకరు వెనక్కి వెళ్ళిన ఇళ్ళలోనే ఈ తీరాన దీపం పెట్టే దిక్కు లేకుండా పోయింది. అవతలివాళ్ళు ఈపాటికి ఎక్కేసి ఉంటారని గట్టిగా నమ్మి, కాళ్ళకి పని చెప్పడమే ఎవరైనా చెయ్యగలిగింది.

పడవలున్న మగవాళ్ళకి ఇంకో అలవాటు కూడా ఉంది. ఉప్పెన వస్తుందంటే వాళ్ళు కొండ వైపు కాకుండా సముద్రం వైపు పరిగెడతారు. అల ఒడ్డుకి చేరేలోగా పడవని లోతు నీళ్ళలోకి తీసుకుపోతే, అక్కడ అది కింద నుంచి మెల్లగా ఎత్తి దించేసి వెళ్ళిపోతుంది. పడవ దక్కుతుంది. కాస్త ఆలస్యమైతే పడవా దక్కదు, మనిషీ దక్కడు. ప్రభుత్వం వద్దని ఎన్నిసార్లు చెప్పినా పడవ ఉన్నవాడి చెవికి ఎక్కదు.

రిత్సుకో మొగుడు షున్‌పేయికి పడవ ఉంది. భూమి ఊగడం ఆగగానే ఫోన్ చేశాడు. వెనక ఏవో కప్పీలు కిర్రుమంటున్నాయి.

"పడవ బయటికి తీస్తున్నా. నువ్వు అక్కడే ఎక్కడైనా ఎత్తుకి ఎక్కెయ్. నా కోసం చూడకు."

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ తెగిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది, ఫోన్లూ మూగబోయాయి. ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బడి ఉన్న గుట్ట మీదికి పరిగెత్తింది.

ఇప్పుడు బడి ఆటల హాల్లో, చెక్క నేల మీద కూచుని ఉంది. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. కిరసనాయిలు స్టవ్ చుట్టూ దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్ళు, తలుపు దగ్గర మగవాళ్ళు. బయట నవంబరు మంచు రేవు మొత్తాన్ని కప్పేసి, కింద ఏం జరుగుతోందో కనిపించనివ్వడం లేదు. మొదటి అల వచ్చి వెళ్ళిందని గట్టు దగ్గర కాపలా ఉన్నవాళ్ళు పైకొచ్చి చెప్పారు. మోకాలి లోతు నీళ్ళొచ్చి, చేపల పెట్టెల్ని నెట్టుకుపోయి, వెనక్కి తగ్గాయట.

"ఇంతేనా! దీనికా ఇంత హడావుడి?" అన్నాడు ఎవరో. ఇంకొకడు నవ్వాడు.

రిత్సుకోకి నవ్వు రాలేదు. షున్‌పేయి పడవ బయటికి వెళ్ళిందా లేదా? వెళ్ళే దారిలోనే అల ఎదురైందా? గుట్ట మెట్లు సగం దిగితే చాలు, మంచు కింద నుంచి పడవ కట్టే చోటు కనిపిస్తుంది. ఒక్కసారి చూసి వచ్చేస్తే ఏమవుతుంది? లేచి నిలబడింది.

ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. చూస్తే టోమియే బామ్మ.

టోమియే బామ్మ రేవులో అందరికన్నా పెద్దది కాదు గానీ, అందరికన్నా మొండిది. కంపం వచ్చినప్పుడు అందరూ నీళ్ళ సీసాలు, మందులు, బ్యాంకు పుస్తకాలు సంచిలో వేసుకుని వస్తే, ఈవిడ అంకెల గళ్ళ పుస్తకం, పెన్సిలు, రబ్బరు వేసుకుని వచ్చింది. ఎప్పుడూ అంతే. ఆస్పత్రిలో వరసలో కూచున్నా, పెళ్ళి విందులో కూచున్నా ఆ గళ్ళే.

"ఎక్కడికమ్మాయ్?"

"కాస్త... మూత్రానికి బామ్మా."

"అటు వైపు సముద్రం ఉంది. మూత్రానికి ఇటు వెళ్ళాలి."

రిత్సుకో మొహం ఎర్రబడింది. బామ్మ ఆమెని లాగి పక్కన కూచోబెట్టుకుంది. పుస్తకం తెరిచి ఒడిలో పెట్టింది.

"ఇదిగో, ఇది పూర్తిచెయ్. చేసేస్తే నేనే పంపిస్తాను, నీ ఇష్టం వచ్చిన చోటికి పో."

"నాకు రావు ఇవి."

"రాకపోతే నేర్చుకో. ఇప్పుడు నీకేం పనుంది, గుండెలు బాదుకోవడం తప్ప?"

పేజీ మీద నాలుగు వరసల్లో నాలుగేసి గళ్ళు. వాటిలో ఒక్క అంకె కూడా లేదు. కొన్ని గళ్ళ మధ్య మాత్రం చిన్న గుర్తులున్నాయి, పిచ్చుక పిల్ల నోరు తెరిచినట్టు.

"అంకెలే లేవు కదా బామ్మా! ఏం చూసి చెయ్యాలి?"

"ఆ నోళ్ళు చూసి. నోరు ఎప్పుడూ పెద్ద అంకె వైపే తెరుచుకుంటుంది. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. అడ్డంగా గానీ నిలువుగా గానీ ఒక వరసలో ఏ అంకే రెండుసార్లు రాకూడదు. ఇంతే శాస్త్రం. పై వరస చూడు, ముందు."

రిత్సుకో చూసింది. పై వరసలో మూడు నోళ్ళూ కుడివైపే తెరుచుకున్నాయి. మొదటి గడి కన్నా రెండోది పెద్దది, దానికన్నా మూడోది, దానికన్నా నాలుగోది. బయట బ్యాటరీ లౌడ్‌స్పీకరు, కిందికి ఎవరూ దిగొద్దు, ఇంకా పెద్ద అల రావచ్చు అని గొణుగుతోంది.

"అంటే... ఒకటి, రెండు, మూడు, నాలుగు?"

"ఇంకేదైనా కుదురుతుందా?"

"కుదరదు."

"మరి రాయి. చూశావా, నీకెవరూ ఒక్క అంకె కూడా చెప్పలేదు. అయినా వరస మొత్తం పడిపోయింది."

అంత భయంలోనూ రిత్సుకోకి లోపల చిన్న మెరుపులాంటిది మెరిసింది. వెంటనే మొదటి నిలువు వరస మీద పడింది. పైన ఒకటి ఉంది. దాని కింద గడి, మూడో గడి కన్నా పెద్దదని ఒక నోరు చెబుతోంది. పెద్దదంటే నాలుగే కదా అనుకుని, నాలుగు వేసేసింది. ఆ ఊపులో ఇంకో రెండు గళ్ళు కూడా నింపింది. ఆ తర్వాతి గడి ఎటూ కుదరలేదు.

బామ్మ చూసి, పళ్ళు లేని నోటితో చప్పరించింది. "ఎందుకు వేశావు నాలుగు?"

"పెద్దదని ఉంది కదా..."

"పెద్దదంటే అన్నిటికన్నా పెద్దదని ఎవరన్నారు? కిందికి చూడు. అడుగు గడి ఏమంటోంది?"

అడుగు గడి వైపు ఇంకో నోరు తెరుచుకుని ఉంది. అంటే ఆమె నాలుగు వేసిన గడి కన్నా అడుగుది పెద్దది. నాలుగు కన్నా పెద్దది ఎక్కడుంది? రిత్సుకో ఆ గుర్తుని అసలు చూడనే లేదు.

"భయపడ్డవాళ్ళు ఇలాగే చేస్తారు. ఒక్క గుర్తు చూసి, మిగతాది మనసులోంచి తెచ్చి నింపేస్తారు. తెలియని గడి ఖాళీగా ఉండనీ. ఖాళీగా ఉంటే నిన్నేమీ కరవదు. ఊహించి వేసినదే కరుస్తుంది. చెరిపెయ్."

రిత్సుకో రబ్బరు తీసుకుని చెరిపింది. మళ్ళీ నెమ్మదిగా చూసింది. మూడో గడి కన్నా రెండోది పెద్దది, రెండోదాని కన్నా అడుగుది పెద్దది. పైన ఒకటి ఎలాగూ ఉంది. పై నుంచి కిందికి ఒకటి, మూడు, రెండు, నాలుగు. ఇంకోలా కుదరదు.

"బామ్మా, మీరు ఎందుకింత పట్టుకున్నారు నన్ను? వెళ్ళి ఒక్కసారి చూసి వస్తే ఏమైంది?"

బామ్మ కళ్ళద్దాలు తీసి స్వెటర్‌కి తుడుచుకుంది.

"ఏళ్ళ కిందట పెద్ద అల వచ్చిన రోజు నేను ఇదే హాల్లో ఉన్నాను. ఇదిగో, ఈ గోడకే ఆనుకుని. మా ఆయన అవతలి కొండ మీద ఉన్నాడు, క్షేమంగానే ఉన్నాడు. నేను ఒడ్డున సముద్రపు నాచు ఎండబెట్టే చోటే ఉండిపోయానేమోనని ఊహించుకుని దిగాడు. నేను ఇక్కడ కూచుని, ఆయన ఎక్కేసి ఉంటాడు, తెలివైనవాడు అనుకుంటున్నాను. మేమిద్దరం ఎత్తు మీదే ఉన్నాం రిత్సుకో. అయినా ఒక్కర్తినే మిగిలాను."

రిత్సుకో బామ్మ చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా, గట్టిగా ఉంది.

అదే సమయానికి తలుపు దగ్గర కలకలం రేగింది. మంచు విడిపోతోంది. రేవులో లెక్కలు చూసి పదవీ విరమణ చేసిన గోసుకే, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని రెయిలింగు దగ్గర నిలబడ్డాడు. ఆయన వెనక్కి తిరిగి రిత్సుకోని చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అది చాలు ఆమెకి. పరుగున వెళ్ళింది.

"ఏం కనిపించింది బాబాయ్? చెప్పండి."

"ఏం లేదమ్మా... మీ పడవ కట్టే ఉంది. మీ ట్రక్కు కూడా గట్టు మీదే ఉంది."

పడవ వెళ్ళలేదు. ట్రక్కు కదలలేదు. మనిషి మాత్రం ఎక్కడా లేడు. రిత్సుకో రెయిలింగు పట్టుకుని మెట్ల వైపు రెండడుగులు వేసింది కూడా. నీళ్ళలో తేలుతున్న నీలం రబ్బరు కోటు ఒకటి ఆమె కళ్ళకి కట్టింది. అక్కడ అలాంటిది ఏమీ లేదు, అయినా స్పష్టంగా కనిపించింది.

ఊహించి వేసినదే కరుస్తుంది. ఆమె ఆగింది. చేతిలో పుస్తకం ఇంకా ఉంది, పెన్సిలూ ఉంది. ఆ పేజీ అంచునే వంకర గీతలతో గళ్ళు గీసింది, ఎందుకు గీస్తోందో తెలియకుండానే.

"గోసుకే బాబాయ్, ట్రక్కు నీళ్ళకి జరిగిందా?"

"లేదు. నిలబెట్టిన చోటే ఉంది."

అయితే వచ్చింది నిజంగా మోకాలి లోతే, ఆ నీళ్ళు షున్‌పేయిని పట్టుకుపోలేదు. అదొకటి. అతను ఫోన్ చేసినప్పుడు వెనక కప్పీల కిర్రుమనే చప్పుడు వినిపించింది, అంటే ఆల్చిప్పలు పైకి లాగే వాళ్ళ షెడ్డులో ఉన్నాడు. షెడ్డు రేవుకి అవతలి కొసన, గుడి గుట్ట కిందే. అక్కణ్ణుంచి పడవ దాకా రావాలంటే రేవు మొత్తం చుట్టాలి. సగం దారిలో ఉండగానే నీళ్ళు వెనక్కి తగ్గుతుంటే, ఆలస్యమైందని పడవని వదిలేసి ఉంటాడు. వదిలేసినవాడు ఎటు పరిగెడతాడు? షెడ్డు వైపు దారిలో ఉన్నవాడికి గుడి గుట్ట దగ్గర. ఈ బడి గుట్ట దూరం. నోరు అటే తెరుచుకుంది, గుడి గుట్ట వైపే.

"గుడి గుట్ట మీద ఉన్నాడు," అంది పైకే. "ఇంకెక్కడా ఉండటానికి లేదు."

పక్కకి వచ్చి నిలబడిన టోమియే బామ్మ తల ఊపింది. రిత్సుకోకి ఊపిరి అందింది. అంతలోనే తట్టింది. ఇంకో గుర్తు ఉంది. ఇందాక గడిలో లాగే, అసలు చూడనే లేదు.

నువ్వు అక్కడే ఎక్కడైనా ఎత్తుకి ఎక్కెయ్ అన్నాడు. అక్కడే అంటే? పళ్ళ డాక్టరు దగ్గర! పొద్దున తను పక్క టౌనుకి, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది. ఆ డాక్టరు ఇల్లు నది మూతి దగ్గర, పల్లంలో. వెళ్ళాల్సిన రోడ్డు సముద్రం పక్కనే. డ్రిల్లు చప్పుడు తల్చుకుంటే భయమేసి, బస్సు ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చేసింది. చెబితే వెక్కిరిస్తాడని చెప్పలేదు.

అవతల గుట్ట మీద షున్‌పేయికి ఇదేమీ తెలియదు. పెళ్ళాం ఆ రోడ్డు మీదే ఎక్కడో ఉందనుకుంటాడు. మొదటి అల చిన్నదే కదా, రెండోది వచ్చేలోగా ట్రక్కు తీసుకుని వెళ్ళొచ్చనుకుంటాడు. కట్టుబాటు కట్టుబాటే, కానీ పెళ్ళాం పిరికిదని అతనికి తెలుసు.

"దిగుతాడు బామ్మా. నా కోసం దిగుతాడు!"

"అయ్యో... ఎవరో దిగుతున్నారు," అన్నాడు గోసుకే దుర్భిణిలోంచే. "గుడి మెట్ల మీద. నీలం కోటు."

నీలం కోటు రేవులో ప్రతివాడికీ ఉంటుంది. అయినా రిత్సుకోకి అది ఎవరో తెలుసు. ఆమె గొంతు చించుకుని అరిచింది. ఆమెతో పాటు తలుపు దగ్గర మగవాళ్ళంతా అరిచారు. మధ్యలో రేవంత దూరం ఉంది, ఎదురుగాలి ఉంది. ఆ చుక్క మెట్టు మెట్టూ దిగుతూనే ఉంది. రేవులో నీళ్ళు ఒకేసారి తగ్గడం మొదలుపెట్టాయి. ఎవరూ ఎప్పుడూ చూడకూడని నేల, నల్లగా, తడిగా బయటపడింది. పడవలు బురదలో పక్కకి ఒరిగాయి. ఇందాక నవ్వినవాడు ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రిత్సుకో వెనక్కి తిరిగి హాల్లోకి పరిగెత్తింది. కొట్టుగదిలో, బడి ఆటల పండగకి రేవులో పడవలన్నీ అరువిచ్చిన జెండాలు, చేపలు బాగా పడిన రోజున పడవ మీద ఎగరేసేవి, అట్టపెట్టెలో ఇంకా ఉన్నాయి. మనది తెచ్చుకో, తెచ్చుకో అని షున్‌పేయిని వారం పైగా సతాయించింది. రేపు, రేపు అంటూ దాటేశాడు. పెట్టె బోర్లించింది. నీలం, ఎరుపు, నీలం, తెలుపు. అడుగున వాళ్ళది. సముద్రం ఎరగని ఆమె తండ్రి పెళ్ళికి కానుకగా అద్దించి పంపినది. సముద్రపు ఎర్ర చేప ఉండాల్సిన చోట ఏటి చేప ఉంది, నీలం ఉండాల్సిన చోట పండిన పెర్సిమన్ రంగు ఉంది. దాన్ని చూసి రేవు రేవంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అలాంటి జెండా ఈ తీరంలో ఇంకొకటి లేదు, దాన్ని ఎత్తే మనిషీ రిత్సుకో తప్ప ఇంకొకరు లేరు.

"వెదురు! బట్టలారేసే వెదురు ఏదీ!" అని అరిచింది గోసుకే మీద. పిరికి రిత్సుకో అరుపుకి ఆయన ఉలిక్కిపడి పరిగెత్తాడు. ఆమె, గోసుకే, ఇంకో ఇద్దరు కలిసి జెండాని వెదురుకి కట్టి రెయిలింగు పైకెత్తారు. గాలికి అది విప్పుకోకుండా కర్రకి చుట్టుకుపోయింది. టోమియే బామ్మ పిట్టగోడ మీదికి పాకి, కొస పట్టుకుని లాగింది. ఒక్క ఉదుటున మొత్తం తెరుచుకుంది.

చుక్క ఆగలేదు. గుడి మెట్ల అడుగున రాతి తోరణం దాకా వచ్చేసింది.

"చూడు," అంది రిత్సుకో. మొదట గట్టిగా అంది, తర్వాత లోపల్లోపలే అంటూ పోయింది. చూడు, చూడు, తలెత్తు. చేతులు బరువుకి తెగిపోతున్నాయి.

"ఆగాడు," అన్నాడు గోసుకే.

తోరణం కింద నీలం చుక్క కదలకుండా నిలబడింది. రేవుకి అడ్డంగా కట్టిన అలకట్ట అవతల సముద్రం మొత్తం లేచి, గోడలా నడిచి వస్తోంది.

"చూస్తున్నాడు ఇటే... వెనక్కి తిరిగాడు. ఎక్కుతున్నాడు. ఎక్కుతున్నాడమ్మా! పరిగెత్తరా, పరిగెత్తు!"

ఆ తర్వాత ఏమీ కనిపించలేదు. నల్లటి నీళ్ళు రేవుని, షెడ్డుని, ట్రక్కుని, పడవల్ని కలిపి రుబ్బుకుంటూ గుడి మెట్ల మీదికి ఎగబాకాయి. తుంపర పైకి లేచి గుట్టని మూసేసింది. తోరణం పై దూలం ఒక్కటే కాసేపు కనిపించి, అదీ మునిగిపోయింది. రిత్సుకో జెండా దించలేదు. దించమన్నా వినలేదు. అతను నీళ్ళకి అందని ఎత్తుకి చేరాడో లేదో, ఆ గడి ఖాళీగానే ఉంది. ఖాళీ గడి కరవదని బామ్మ అంది గానీ, అది అబద్ధం. కరుస్తూనే ఉంది, ఎముక దాకా.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే, కొండ వెనక దారిన చుట్టూ తిరిగి కొందరు బడికి చేరారు. వాళ్ళలో ఒకడు నడుము దాకా బురదలో, ఒక్క బూటుతో, కుంటుతూ వచ్చాడు. షున్‌పేయి వచ్చి రిత్సుకో ముందు కూలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోవడానికి కూడా భయపడ్డట్టు కాసేపు చూసుకున్నారు.

"పడవ పోయింది," అన్నాడు.

"పోనీ."

"నువ్వు... పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

"భయమేసింది."

అతను నవ్వబోయాడు. మొహం నవ్వులో సగందాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఏడుపులోకి తిరిగింది.

"చెప్పొచ్చుగా! ఒక్క ముక్క చెప్పొచ్చుగా! ఆ దిక్కుమాలిన పండ్ల జెండా చూడకపోతే నేను ట్రక్కులో ఉండేవాణ్ణి."

"నేను కూడా," అంది రిత్సుకో. "నేను కూడా రేవుకే దిగబోయాను. నిన్ను వెతకడానికి. బామ్మ చెయ్యి పట్టుకుంది."

అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దిగి, రేవు గట్టు మీద, ఆ ట్రక్కు పక్కనే కలుసుకుని ఉండేవాళ్ళు. ఆమె అతని చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

టోమియే బామ్మ గోడకి ఆనుకుని వాళ్ళనే చూస్తోంది. ఆ గోడే, అప్పటి గోడే. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నాకప్పుడు జెండా తట్టలేదు," అంది ఎవరితోనూ కాకుండా. "ఆయన దిగుతాడని కూడా తట్టలేదు."

రిత్సుకో మొగుడి చెయ్యి వదలకుండానే జరిగి, బామ్మ భుజానికి భుజం ఆనించి కూచుంది. నేల మళ్ళీ సన్నగా కంపించింది. హాల్లో అందరూ ఒక్కసారి తల ఎత్తి, పైన వేలాడే దీపాలు ఊగుతున్నాయేమోనని చూశారు.